లంకమల కోనలో ఎర్రకోక

మొన్న పొద్దున మా అల్లుడు కాఫీ తాగుతూ పేపరు పైకి చదివాడు. లంకమల అడవిలో ఒక కొండచరియ కింద వేల ఏళ్ళనాటి రాతిబొమ్మలు బయటపడ్డాయట. ఎర్రరంగుతో గీసిన దుప్పులు, విల్లు పట్టిన మనుషులు. 'ఇన్నాళ్ళూ మనిషి కంట పడని చిత్రాలు' అని రాశారట. నాకు తాగుతున్న కాఫీ పొలమారింది. నవ్వు ఆగలేదు.

"ఏమైందత్తా?" అంటూ అల్లుడు కంగారుగా లేచాడు.

"మనిషి కంట పడకపోవడమేంది నాయనా! ఆ బొమ్మల కిందనే కూచోని మేం చిత్రాన్నం తింటిమి. ఆ దుప్పి కొమ్ము మీద నేను ఉమ్మి పెట్టి రుద్దబోతే మా జేజి నా ఈపు మీద ఒకటేసింది."

అల్లుడు నమ్మలేదు. ఇప్పుడు ఆ అడవిలోకి పోవాలంటే అనుమతి కావాలి. మొదట్లోనే చెక్‌పోస్టు, దాని పక్కన కలివికోడి అనే అరుదైన పిట్ట బొమ్మ వేసిన బోర్డు, సంచులు వెతికే మనుషులు. చిత్రాన్నం గిన్నెలు మోసుకుని అంతమంది అక్కడికి ఎలా పోయారన్నది ఆయన అనుమానం. ఫోనులో ఆ ఫోటో తెరిచి, పెద్దది చేసి నా ముందు పెట్టాడు. కళ్ళజోడు సర్దుకుని చూశాను. అదే! మెడ తిప్పి వెనక్కి చూస్తున్న దుప్పి! ఆ క్షణంలో నా ముక్కుకు కాఫీ వాసన తగలడం మానేసింది. తడిసిన బండ వాసన, ఉసిరాకు వాసన, కొత్త కోక గంజి వాసన అన్నీ కలిసి కొట్టాయి.

మాది పెన్నేటికి ఈవలి గట్టున నేతగాళ్ళ ఊరు. తెల్లారేసరికి మా వీధి పొడుగునా పడుగులు సాగదీసి, కుంచెలతో గంజి పట్టిస్తుండేవాళ్ళు. ఆ దారాల కింద దూరి ఈ చివర నుంచి ఆ చివరకు పాకడం మాకు పెద్ద ఆట. ఒక్క పోగు తెగిందా, మా నాయన చేతిలోని కుంచె గాల్లో లేచేది. అది ఒక్కసారీ మాకు తగల్లేదు. ఆయన గురి అంత చెడ్డదో, మనసు అంత మంచిదో ఇప్పటికీ నాకు తెలియదు. పొద్దెక్కితే ఇంటింటా గుంటమగ్గాలు ఆడేవి. ఆ చప్పుడులోనే మేం తిన్నాం, చదివాం, కొట్టుకున్నాం.

మా మిద్దె ఎక్కితే పెన్నేటికి ఆవల లంకమల కనిపించేది. ఎండాకాలంలో బూడిద రంగు గీతలా ఉండేది. వానలు పడ్డాక నల్లగా, దగ్గరికి జరిగినట్టు ఉండేది.

కార్తీకంలో ఒక సోమవారం మా వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయేవి. అందరం లంకమలలోని కోనకు పోయేవాళ్ళం. అక్కడ గుహలో శివుడు. ఆయనకు ఎదురుగా, వంకకు, అంటే వాగుకు ఆవలి పక్క, బండ కింద అమ్మవారు. అమ్మవారికి ఏటా ఒక ఎర్ర నూలుకోక మా ఇంటి నుంచే పోవాలి. నూలుకు రంగు వేసేది మా ఇంటి వెనక సందులో ఉండే సాయిబు. ఆయన్ని ఊరంతా రంగుల మామ అనేవాళ్ళం. ఆయన అరచేతులు చూస్తే చాలు, ఆ వారం వీధిలో ఏ రంగు చీరలు నేస్తున్నారో తెలిసిపోయేది. కార్తీకం వచ్చేసరికి ఆ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. "మీ అమ్మోరి కోకకు రంగు పట్టించేది నేను, నన్ను వదిలేసి పోతారా?" అని ఆయన కూడా మాతో కోనకు వచ్చేవాడు.

నేను చెప్పబోయే ఏడు, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మా ఇంట్లో ఒక కొత్త మనిషి ఉంది. మా చిన్నాయన పెళ్ళాం, మా చిన్నమ్మ. ఆమెది నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు. వాళ్ళ నాయనకు అక్కడ బట్టల అంగడి. బట్టలు అమ్మే ఇంట్లో పుట్టిందిగాని నేసే ఇంట్లో కాదు. మగ్గం గుంటలో కూచుంటే ఆమె కాళ్ళు తొక్కుడుచెక్కల మీద నిలిచేవి కావు. కండెలు చుట్టమంటే చిక్కులు పడేవి. పోగులు తెగేవి. తెగిన ప్రతి పోగుకూ మా జేజి, అంటే మా నాయన తల్లి, ఒక మాట అనేది. ఆ మాటలు వినీ వినీ చిన్నమ్మ మాట్లాడ్డమే మానేసింది. వీధిలో ఆమెను మూగకోడలు అనేవాళ్ళు.

నాకు మాత్రం ఆమె అంటే ప్రాణం. సాయంత్రం పని ముగిశాక ఆమె మిద్దె ఎక్కి కొండల వైపు చూస్తూ నిలబడేది. నేను పక్కన చేరేదాన్ని.

"ఏం చూస్తాండావు చిన్నమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఆడ వాన పడతాండాది పాపా" అంది.

నాకు ఏమీ కనిపించలేదు. ఆకాశం తుడిచినట్టు ఉంది. కాసేపటికి గాలి తిరిగింది. తడిమట్టి వాసన మా మిద్దె మీదికి వచ్చింది. నేను నోరు తెరిచి ఆమె వైపు చూస్తే, ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కోనకు పోవడానికి ముందు రోజు, గాదె వెనక దాక్కుని దొంగిలించిన బెల్లం తింటున్నాను. అవతల జేజి మా నాయనతో మాట్లాడుతోంది.

"కోనకు పోయొచ్చినాక దాన్ని ఆత్మకూర్లో దించిరా. పని నేర్చుకుంటే పంపమను."

"నేర్చుకోకపోతేనో?" అన్నాడు నాయన.

"ఆడనే ఉండనీ. మగ్గం ముట్టని కోడలితో నేనేం చేసుకోవాల?"

పుట్టింట్లో దించి రావడమంటే ఏమిటో ఆ వయసులోనే నాకు తెలుసు. మా వీధి నుంచి ఒకామె అట్లా పోయి మళ్ళీ రాలేదు. నోట్లో బెల్లం అట్లాగే ఉండిపోయింది.

అయినా, చిన్నతనం ఎంత చిత్రమైందో! మర్నాడు తెల్లారకముందే ఎడ్లబండి గంటలు వినపడగానే ఆ దిగులంతా ఎటు పోయిందో! మా అమ్మ బాలింతరాలు. తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని వాకిట్లో నిలబడి, "చిన్నమ్మ చెయ్యి వదలొద్దు" అని నాకు చెప్పింది. బండిలో మూటల వాసన: చిత్రాన్నంలో పోపు, పెరుగన్నంలో అల్లం, వేయించిన చెనక్కాయల పొడి, అన్నిటికంటే అడుగున నెయ్యి రాసిన ఓళిగలు, అవే బొబ్బట్లు. ఎవరూ చూడనప్పుడు మూట అంచు ఎత్తి ముక్కు దూర్చి మళ్ళీ కప్పేసేదాన్ని. జేజి ముందు కూచుంది. పసుపుగుడ్డలో చుట్టిన అమ్మవారి కోక ఆమె ఒళ్ళో ఉంది.

పెన్నేట్లో మోకాళ్ళ లోతు నీళ్ళు. ఎడ్లు బెదిరాయి. మగవాళ్ళు చక్రాలు పట్టి తోశారు. నేను కావాలనే బండి అంచున వేలాడుతూ కాళ్ళు నీళ్ళలో ఆడించాను. ఆవలి గట్టెక్కాక కొంత దూరం బండిదారి. అడవి మొదట్లో ఎడ్లను విప్పి, నీడన కట్టేశారు. అక్కడి నుంచి నడకే.

అడవిలోకి పది అడుగులు వేశామో లేదో, మా చిన్నమ్మ నిలబడిపోయింది. కళ్ళు మూసుకుంది. గుండెల నిండా గాలి పీల్చింది. తర్వాత వంగి ఏదో ఆకు తెంపి, నలిపి నా ముక్కు కింద పెట్టింది.

"వాసన చూడు పాపా! మా నల్లమలలో గూడా ఇదే వాసన!"

నేను ఆకు చూడలేదు. ఆమె గొంతు విని ఆమెనే చూశాను. మా ఇంట్లో ఎన్నడూ వినని గొంతు అది. కొంగు నడుముకు దోపుకుంది. అందరికంటే ముందు నడవడం మొదలుపెట్టింది. ఒక చెట్టు దగ్గర ఆగి బెరడు మీద గీతలు చూపించింది.

"ఎలుగు గోర్లు ఇవి. తేనె కోసం ఎక్కింది."

వెనకాల ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. "ఏం కాదులే, ఇవి పాతవి. బంక ఎండిపోయుండాది" అని ఆమె నవ్వింది. ఏదో పిట్ట కూసింది. చిన్నమ్మ పెదాలు సున్నా చుట్టి అచ్చం అట్లాగే ఈల వేసింది. పిట్ట బదులు పలికింది! మళ్ళీ వేసింది, మళ్ళీ పలికింది. మా చిన్నాయన నెత్తి మీది మూట దించడం మరిచిపోయి, తన పెళ్ళాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"ఏమప్పా, నీ పెండ్లాము మూగదని ఎవురన్యారు?" అన్నాడు రంగుల మామ.

దారిలో అడవి ఉసిరిచెట్టు కనిపించింది. కాయలు కొమ్మల నిండా ఉన్నాయి. చిన్నమ్మ చూస్తుండగానే ఎక్కేసింది.

"దిగుమ్మే! కొత్తకోడలివి, చెట్లెక్కుతావా? దిగు!" అని జేజి కింద నుంచి అరిచింది. పైనుంచి కాయలు రాలాయి. జేజి అరుస్తూనే ఒకటి ఏరుకుని నోట్లో వేసుకుంది. పులుపుకు ఒక కన్ను మూసుకుపోయింది. అయినా ఇంకోటి ఏరుకుంది.

కోన దగ్గరయ్యేకొద్దీ రెండు పక్కలా కొండలు లేచాయి. గోడల్లా, నిట్టనిలువుగా. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేది. ఆ బండల అంచుల కింద పెద్ద పెద్ద తేనెపట్టులు నల్లని గంపల్లా వేలాడేవి. మధ్యలో వంక. అడుగున గులకరాళ్ళు కనిపించేంత తేట నీళ్ళు. మేం "ఓ!" అని అరిస్తే కొండ "ఓ!" అనేది. ఒకరి పేర్లు ఒకరం పెట్టి అరిచి, కొండ చేత తిట్టించుకున్నాం.

"మెల్లగా బిడ్డా, మెల్లగా! ఆ తేనెటీగలకు మీ పాట నచ్చకపోతే మనమందరం పరిగెత్తాల్సొస్తాది" అని రంగుల మామ వేడుకున్నాడు.

పిల్లలు ఆకలికి ఆగలేరని, పూజకు ముందే అన్నాలకు ఒక చరియ కింద కూచున్నాం. జేజి మాత్రం ముట్టలేదు. పది ఇళ్ళవాళ్ళు కూచున్నా ఇంకా చోటుండేంత పెద్ద నీడ. ఆ గోడ మీదనే ఆ బొమ్మలు. ఎర్రగా, నిన్న వేసినట్టు! ఎద్దులు, దుప్పులు, చేతులు చాచి ఆడుతున్న మనుషులు. వాటి కింద బండ మీద ఎవరూ చదవలేని పాత అక్షరాలు చెక్కి ఉండేవి.

"పాండవులు వేసినారు" అంది జేజి. అడవిలో ఏది కనిపించినా ఆమెకు పాండవులదే.

రంగుల మామ మాత్రం అన్నం పక్కన పెట్టి గోడ దగ్గరకు పోయాడు. తన ఎర్రటి చేతిని బొమ్మ పక్కన పెట్టి చూసుకున్నాడు. "యా అల్లా! నేనేసిన ఎరుపు నాలుగు ఉతుకులకు ఎలిసిపోతాది. ఈళ్ళు ఏం కలిపినారో ఏమో! ఒక్కరన్నా చెప్పి పోకూడదా?"

ఆ రంగు పోతుందో లేదో చూద్దామని నేను వేలికి ఉమ్మి రాసుకుని దుప్పి కొమ్ము దగ్గరకు తీసుకెళ్ళాను. అప్పుడే జేజి చెయ్యి నా వీపు మీద పడింది. ఏడుపు ముఖం పెట్టిన నన్ను చిన్నమ్మ పైకెత్తింది.

"ఈ దుప్పి ఎనక్కి ఎందుకు చూస్తాండాదో చెప్పు?"

"పులి వస్తాందా?"

"కాదు. సరిగ్గా చూడు."

చూశాను. దాని వెనక, రంగు దాదాపు పోయి, బొటనవేలంత పిల్ల ఒకటి ఉంది. అన్నేళ్ళుగా వస్తున్న వాళ్ళెవరూ దాన్ని చూడలేదు. అందరూ అన్నం చేతులతో లేచి వచ్చి గోడకు ముక్కులు ఆనించారు. జేజి కూడా వచ్చింది. చూసింది.

శివుడి గుహ పైన ఉంది. మగవాళ్ళు స్నానాలకు సిద్ధమవుతున్నారు. అమ్మవారికి ముందు కోక కట్టాలి. వంకలో అడుగులు వేయడానికి రాళ్ళున్నాయి. పసుపుకుంకాల పళ్ళెం ఆడపిల్ల మోయాలి కాబట్టి జేజి నన్ను రమ్మంది. చిన్నమ్మ కూడా లేచింది.

"నువ్వొద్దు. మగ్గం ముట్టని చేత్తో అమ్మోరి కోక ముట్టొద్దు" అంది జేజి, అందరూ వింటుండగా.

చిన్నమ్మ ముఖంలో అడవికి వచ్చాక వెలిగిన దీపం టక్కున ఆరిపోయింది. అట్లాగే కూచుండిపోయింది. మేమిద్దరం రాళ్ళ మీద అడుగులు వేసుకుంటూ వంక దాటాం.

అవతల ఒక సన్నటి తిన్నె. దాని మీద అమ్మవారి రాయి, వెనక నిలువుకొండ. అటు నుంచి ఎక్కడికీ దారి లేదు. జేజి కోక విప్పి, కుచ్చిళ్ళు పెట్టడం మొదలుపెట్టింది. కొత్త కోక, గంజి వదలని కోక, కుచ్చిళ్ళు నిలబడేవి కావు. ఆమె ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ సర్దుతోంది. మా మీద ఎండ కాస్తోంది.

"అత్తా!" అని గట్టు మీది నుంచి చిన్నమ్మ కేక. ఆమె లేచి నిలబడి కోన తలాపున ఆకాశం వైపు చూస్తోంది. "అత్తా, పైన వాన కొడతాండాది. బిన్నా రండి!"

"ఎండ మండిపోతాంటే వానంటాదేంది ఇది!" అని జేజి విసుక్కుంది. కోక వదల్లేదు.

నేను వంక వైపు చూశాను. తేటగా ఉన్న నీళ్ళు టీ రంగులోకి మారుతున్నాయి. ఎండుటాకులు గుంపుగా కొట్టుకొచ్చాయి. వాటి వెనక ఒక కొమ్మ. అంతలో పైనుంచి చప్పుడు వచ్చింది. ఊళ్ళో మగ్గాలన్నీ ఒక్కసారి ఆడితే ఎట్లా ఉంటుందో అట్లాంటి చప్పుడు. మేం అడుగు వేసి వచ్చిన రాళ్ళు చూస్తుండగానే మాయమయ్యాయి.

"జేజీ!"

ఆమె తిరిగి చూసింది. పళ్ళెం నా చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. కుంకం ఒక్క క్షణం ఎర్రగా విచ్చుకుని పోయింది. జేజి నన్ను లాగి అమ్మవారి రాయికి ఆనించి, తను అడ్డం నిలబడింది. నీళ్ళు తిన్నె అంచును తాకాయి. నా పాదాలు తడిశాయి. నేను నోరు తెరిచి ఏడుస్తున్నాను. నా ఏడుపు నాకే వినపడటం లేదు.

అవతలి గట్టున అందరూ అరుస్తున్నారు. మా నాయన నీళ్ళలోకి దిగాడు. రెండడుగులు వేయగానే ప్రవాహం కాళ్ళు లాగేసింది. నలుగురు పట్టి గట్టుకు ఈడ్చారు. మా వాళ్ళెవరికీ ఈత రాదు. పెన్నేట్లో ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే కదా! మోకుతాళ్ళన్నీ బండ్ల దగ్గర ఉండిపోయాయి.

అప్పుడు చిన్నమ్మ కనిపించలేదు. వెతికితే, గట్టు వెంట వంక ఎగువకు పరిగెత్తిపోతోంది. మమ్మల్ని వదిలి పారిపోతోందనుకున్నాను. ఆమె ఎగువన ఒక రాతిగుండు ఎక్కింది. చీర గోచిపోసి బిగించింది. దూకేసింది!

ఆడవాళ్ళ కేక ఆ హోరులో కూడా వినపడింది. నీళ్ళలో గాజుల చెయ్యి ఒకటి లేచింది, మునిగింది. మళ్ళీ తల కనిపించింది. ప్రవాహానికి అడ్డంగా పోకుండా, దానితోపాటే జారుతూ కొంచెం కొంచెం మా వైపు వస్తోంది. తిన్నె కింద జువ్విచెట్టు వేరు ఒకటి బండలోంచి పొడుచుకొచ్చి ఉంది. దాన్ని అందుకుంది. జేజి బోర్లా పడుకుని ఆమె జుట్టు పట్టింది, నేను జాకెట్టు పట్టాను. లాగాం.

పైకి వచ్చి దగ్గింది. నీళ్ళు కక్కింది. నా వైపు చూసి నవ్వింది!

"నీళ్ళు శానా సల్లగా ఉండాయి పాపా!"

నాకు ఏడుపు ఆగిపోయింది.

"అత్తా, కోక ఇయ్యి" అంది.

జేజి అమ్మవారికి అడ్డం నిలబడింది. "ఇది అమ్మోరిదే! కట్టిన కోక ఇప్పకూడదు!"

"నీళ్ళు పెరుగుతాండాయి అత్తా. పాప మునిగిపోతాది."

జేజి నా వైపు చూసింది. నీళ్ళు నా పిక్కల దాకా వచ్చాయి. చిన్నమ్మను పక్కకు జరిపింది. "నువ్వు ముట్టాకు. నేనే ఇప్పుతా" అంది. ఆ తర్వాత, అంతసేపు కష్టపడి పెట్టిన కుచ్చిళ్ళను తన చేత్తోనే లాగేసింది. "తల్లీ, నీ బిడ్డ కోసమే" అంటూ కోక తీసి కోడలి చేతికిచ్చింది.

చిన్నమ్మ కోక ఒక కొసన రాయి ముడివేసింది. రెండో కొసను జువ్వివేరుకు బిగించింది. రాయిని తిప్పి విసిరింది. అది నీళ్ళలో పడింది. లాక్కుని మళ్ళీ విసిరింది. ఈసారి మా చిన్నాయన గాల్లోకి ఎగిరి పట్టుకున్నాడు. మగవాళ్ళంతా పట్టి మెలివేసి ఒక చెట్టుకు కట్టారు. నీళ్ళ మీద ఎర్రటి తాడు నిలిచింది.

"తెగుతాదేమో!" అని ఎవరో అరిచారు.

మా నాయన గొంతు ఆ హోరును చీల్చుకుంటూ వచ్చింది. "తెగదు! అది నేను నేసిన కోక! రండి!"

చిన్నమ్మ నన్ను వీపు మీద ఎక్కించుకుంది. "మెడ పట్టుకో. కండ్లు మూసుకో. నేను ఈల వేస్తాంటా, నువ్వు ఇంటాండు" అంది. నిజంగానే వేసింది, ఆ పిట్ట ఈల! నీళ్ళు ఆమె ఛాతీ దాకా కొడుతున్నాయి. ఒకచోట కాలు జారింది. నా నోట్లోకి బురదనీళ్ళు పోయాయి. కళ్ళు తెరిచేసరికి మా చిన్నాయన కోక పట్టుకుని నీళ్ళలో సగందూరం వచ్చేశాడు. నన్ను అందుకున్నాడు. చిన్నమ్మ వెనక్కి తిరిగింది.

అవతల ఏం జరిగిందో నాకు వినపడలేదు. తర్వాత జేజే వీధివీధంతా చెప్పుకుంది. "నన్ను వదిలెయ్‌మే, ముసిల్దాన్ని. నువ్వు పో" అందట. దానికి చిన్నమ్మ, "నువ్వు పోతే నన్ను తిట్టేదెవురత్తా? లెయ్యి" అందట.

ఇద్దరూ దిగారు. జేజి కోక పట్టుకుని ముందు, చిన్నమ్మ ఆమె నడుము పట్టుకుని వెనక. మధ్యలోకి రాగానే జేజి కొప్పు ఊడి తెల్లని జుట్టు నీళ్ళ మీద పరుచుకుంది. చివరికి పది చేతులు ఒక్కసారి వాళ్ళిద్దరినీ పైకి లాగాయి. ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో తెలియదు. అందరూ ఏడుస్తున్నారు, అందరూ నవ్వుతున్నారు.

కోక అవతలి ముడి విప్పడానికి ఎవరూ పోలేరు కదా! ఈవలి ముడి విప్పేశారు. అది ప్రవాహంలో పొడుగ్గా సాగి, వంక నడుమ ఎర్రటి పాయలా ఆడింది. అందరూ జేజి ఏమంటుందోనని చూశారు.

"ఈ ఏడు అమ్మోరు తనకు నచ్చినట్ల కట్టుకునిందిలే" అంది జేజి, జుట్టు పిండుకుంటూ.

రంగుల మామ తన పొడి దుప్పటి తెచ్చి చిన్నమ్మ భుజాల మీద కప్పాడు. ఆమె అరికాలు రాయి కోసుకుని నెత్తురు కారుతోంది. ఆమె చూపించిన ఆకు నలిపి, మా చిన్నాయన అందరి ముందరే కూచుని ఆమె పాదం ఒళ్ళో పెట్టుకుని కట్టు కట్టాడు. ఇంకో రోజైతే వీధి వీధంతా ముక్కున వేలేసుకునేది.

"ఈత యాడ నేర్చినావమ్మా?" అని అడిగాడు నాయన. తమ్ముడి భార్యతో ఆయన నేరుగా మాట్లాడటం అదే మొదలు.

"మా అమ్మమ్మది మహానంది బావా. సెలవులన్నీ కోనేట్లోనే ఉంటాంటిమి" అంది తల వంచుకుని.

తిరుగుబండిలో జేజి ఓళిగల మూట విప్పింది. మొదటి ఓళిగ చిన్నమ్మ చేతిలో పెట్టింది. పెట్టి, ముందు కూచుని తోలుతున్న నాయనతో గట్టిగా అంది:

"దీన్ని యాడికీ పంపించే పని లేదు."

"ఎవుర్ని అత్తా?" అంది చిన్నమ్మ.

జేజి కొండల వైపు చూసింది. "ఎవుర్నీ లేదు. తిను" అంది. చిన్నమ్మ ఓళిగ కొరుకుతూ నా వైపు చూసి కన్ను గీటింది. ఆమెకు అన్నీ తెలుసని అప్పుడు అర్థమైంది. నాకు అంత నవ్వొచ్చిందంటే, బండి లోంచి పడబోయాను.

మా చిన్నమ్మకు మగ్గం ఎప్పటికీ సరిగ్గా రాలేదు. కండెల్లో చిక్కులు పడుతూనే ఉండేవి, జేజి తిడుతూనే ఉండేది. కాకపోతే ఇప్పుడు తిట్టు తిట్టుకూ చిన్నమ్మ బదులు చెప్పేది. వాళ్ళిద్దరి గొడవ వినడానికి పక్కింటివాళ్ళు గోడ దగ్గరకు చేరేవాళ్ళు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు లంకమలను రక్షిత అడవిగా చేశారు. మంచిదే. లేకపోతే ఎర్రచందనం ఒక్క చెట్టు కూడా మిగిలేది కాదు. మా దారి మాత్రం మూసుకుపోయింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వీధిలో గుంటలు పూడ్చి గచ్చు చేసుకున్నారు. జేజి పోయింది, నాయన పోయాడు, రంగుల మామ పోయాడు, చిన్నమ్మ కూడా పోయింది. ఆ బొమ్మల కింద అన్నం తిన్నవాళ్ళలో ఇంకా ఎవరున్నారని లెక్క వేస్తే నాతో కలిపి ఇద్దరు ముగ్గురే తేలతారు.

అయితే ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు దిగులు రాదు. ముందు గుర్తొచ్చేవి కోన నుంచి వచ్చిన తర్వాతి వారాలే. పెన్నేట్లో ఇంకా మడుగులు నిండి ఉండగానే, చిన్నమ్మ మా వీధి ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ఏటికి పోయేది. ఆడపిల్లలకు ఈతేమిటని సణిగిన వాళ్ళకు జేజే బదులు చెప్పింది, ఏం చెప్పిందో ఇక్కడ రాయలేను. రోజూ తనూ మాతో వచ్చి, చేతిలో కట్టె పట్టుకుని, మగపిల్లలు ఎవరూ అటు రాకుండా గట్టున కాపలా కూచునేది. మేం నీళ్ళలో తన్నుకుంటూ, మునుగుతూ, ముక్కుల్లోంచి నీళ్ళు చీదుతూ అరుస్తుంటే ఎండలో కళ్ళు చిట్లించి చూసేది.

ఒకరోజు జేజి కట్టె ఇసుకలో గుచ్చింది. కొంగు నడుముకు బిగించింది.

"ఏందిమే అట్ల సూస్తాండారు? నేను మనిషిని కాదా?" అంటూ నీళ్ళలోకి దిగింది.

మేమంతా ఆమెకు చోటిచ్చి గట్టెక్కి నిలబడ్డాం. చిన్నమ్మ ఆమెను మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టింది. వీపు కింద చెయ్యి పెట్టింది. జేజి కళ్ళు గట్టిగా మూసుకుని, దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తోంది.

"చెయ్యి తియ్యాకుమే! చెయ్యి తీస్తివంటే నీ కత సెప్తా!"

"ఎప్పుడో తీసేసినా అత్తా" అంది చిన్నమ్మ.

జేజి కళ్ళు తెరిచింది. అటూ ఇటూ చూసింది. పెన్నేటి నీళ్ళ మీద ఒంటరిగా తేలుతోంది. తెల్లని జుట్టు చుట్టూ పరుచుకుని, పాదాలు రెండూ పైకి తేలి ఉన్నాయి. ముందు భయపడింది. తర్వాత ఆకాశం వైపు చూస్తూ పడీ పడీ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకు మునిగింది, లేచింది, నీళ్ళు ఉమ్మేసి మళ్ళీ నవ్వింది. గట్టు మీద నుంచి అందరం ఒక్కసారిగా నీళ్ళలోకి దూకాం.